మా ఇంట్లో అలాంటివేం లేవు

మార్చి 9

డాక్టరు గారికి,

నువ్వు భయం అమ్ముకుని బతుకుతున్నావు. నువ్వూ, నీ ఎలకలూ, నీకు జీతమిచ్చే ఆ పరిశోధనాసుపత్రీ కలిసి నా చెల్లిని మంచానికి కట్టేశారు.

ఈ మాట ఫోన్లో అనొచ్చు. కానీ ఫోన్లో నువ్వు డాక్టరువైపోతావు, నేను వేదికెక్కేస్తాను. కోపమొస్తే కాగితం మీద పెట్టండి, సంతకం చేసేలోపు సగం చల్లారుతుంది అని నాన్న పెట్టిన రూలు మనింట్లో ఇంకా రద్దు కాలేదు. నాది ఎంత చల్లారుతుందో సంతకం దగ్గర చూద్దాం.

జరిగింది విను. డిపో రెస్ట్‌రూంలో టిఫిన్ డబ్బాల కింద పరిచిన పేపర్లో మీ వార్త పడింది. "డిప్రెషన్ మాత్రతో క్యాన్సర్ పాకుతుంది!" ఆశ్చర్యార్థకంతో సహా. కింద మీ సంస్థ పేరు, పంజరంలో ఒక ఎలక ఫొటో. రొమ్ము ఆపరేషనై, ఆ మాత్ర వాడుతూ, మళ్ళీ బస్సెక్కి టికెట్లు కొడుతున్న మనిషి నీ చిన్నక్క. డబ్బా మూత తీయకుండానే ఆ వార్త చదివిందట. ఇంటికొచ్చి మాత్రలన్నీ ఒక్కొక్కటే నొక్కి వాష్‌బేసిన్లో పోసి కుళాయి తిప్పింది. నేను పక్క గదిలో వ్యాసం రాసుకుంటున్నాను. నీళ్ళ చప్పుడు విని పళ్ళు తోముకుంటోందనుకున్నాను.

ఇప్పుడెలా ఉందో చెప్పనా? పొద్దున ఒక కాలికి బూటు వేసుకుంటుంది. రెండోది చేతిలో పట్టుకుని కూర్చుంటుంది. నేను బజారుకెళ్ళొచ్చేసరికీ అలాగే ఉంటుంది. నిండు బస్సులో గొంతు ఎత్తితే డ్రైవర్ ఉలిక్కిపడి బ్రేకేసే మనిషి! డిపోలో అందరూ "హోల్డాన్" అని ముద్దుగా పిలుచుకునే మనిషి! నాతో మంచినీళ్ళు కావాలని చెప్పడానికి చేత్తో సైగ చేస్తోంది.

కొండని తవ్వి ఎలకని పట్టారని సామెత. మీరు ఎలకని తవ్వి కొండని పట్టామంటున్నారు. ఆ కొండ ఎవరి నెత్తిన పడుతుందో చూడాల్సిన బాధ్యత మీకు లేదా? దిగులుపడ్డవాళ్ళని దిగులుపడనివ్వరు, మందేసుకుంటే మందేసుకోనివ్వరు. ఆ పేపరుకి వెంటనే ఖండన పంపు.

చూశావా, చల్లారలేదు.

పెద్దక్క


మార్చి 17

అక్కా,

తిట్లు అందాయి. కొన్ని నాకు రావలసినవే, ఉంచుకుంటున్నాను.

ముందు ఎలకల సంగతి. అవి నావి కావు, పై అంతస్తు వాళ్ళవి. ఒకే ఒక్క మందు, ఒకే జాతి ఎలకలు, ఒకే రకం గడ్డ, మనుషులెవరూ మింగనంత మోతాదు. ఊపిరితిత్తుల్లో మచ్చలు ఎక్కువ కనబడ్డాయి అన్నారు. అదే పేజీలో, వేరే చోట్ల ఇలాంటి మందులే వ్యాప్తిని తగ్గించినట్టు కూడా కనబడింది, మనుషుల విషయంలో ఇంకా ఏమీ తేల్చలేం అని రాశారు. విలేకరి వచ్చి పంజరం ఫొటో తీసుకుని ఆ పేజీ మా దగ్గరే వదిలేసి వెళ్ళాడు. ఖండన పంపాను. వేస్తే ఏ మూలో వేస్తారు.

నా పని మనుషులతో. క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్ళలో మనసు మందులు వాడేవాళ్ళు ఒక వరస, వాడనివాళ్ళు ఒక వరస. ఎవరిలో జబ్బు తిరగబెడుతోంది, ఎవరిలో లేదు అని ఏళ్ళ తరబడి చూస్తున్నాం. చిన్నక్కకి పట్టుకున్న భయానికి జవాబు వెతకడమే నా ఉద్యోగం.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని సంగతి. ఉత్తరం మధ్యలో, కామాల మధ్య, "ఆ మాత్ర వాడుతూ" అని రాసేశావు. ఏ మాత్ర? ఎప్పటి నుంచి? నాకు తెలియదు. ఆపరేషన్ మా ఆసుపత్రిలోనే అయింది. సొంత అక్క కాబట్టి ఆమె వివరాలు నేను ముట్టుకోకూడదు, ముట్టుకోలేదు. నీ ఉత్తరం చూశాక తోటి డాక్టర్ని చూడమన్నాను. చిన్నక్క "వాడనివాళ్ళ" వరసలో ఉంది. చేరిన రోజు వార్డులో సిస్టర్ అడిగితే అలాంటివేం లేవు అని జవాబొచ్చిందట. ఆ జవాబే వైద్యానికీ వాడతాం, పరిశోధనకీ వాడతాం.

నాతో ఎందుకు అబద్ధమాడింది? చిన్నప్పుడు నా దొంగతనాలన్నీ తన మీద వేసుకున్న మనిషి, నా దగ్గర దాచుకోవలసి వచ్చిందా? ఆ మాట గుచ్చుకుంటోంది.

అది పక్కన పెట్టు. ఆ మందు ఒక్కసారిగా ఆపకూడదు. తల తిరుగుడు, వణుకు, దిగులు రెట్టింపవడం, ఇంకా అపాయాలుంటాయి. రాసిచ్చిన డాక్టరు దగ్గరికి వెంటనే తీసుకెళ్ళు. నాకు మాత్ర పేరు పంపు. పేరు ముఖ్యం, ఎందుకో తర్వాత చెప్తాను.

ఎలకలు లేని
తమ్ముడు


మార్చి 25

ఒరేయ్,

నీకు వరసలే కావాలి. వాడేవాళ్ళ వరస, వాడనివాళ్ళ వరస. మనిషి మంచం మీదుంటే ఏ వరసలో పడుకుందని అడుగుతావా?

పేరు, పేరు అంటావు. పేరు పంపితే ఏం చేస్తావు? కొట్టేసి పక్క వరసలో రాసుకుంటావు. నీ లెక్క సరిపోతుంది. నా చెల్లి మీ గణాంకాలకి పోపుగింజ కాదు. మనింట్లో దాన్ని "బలం మాత్ర" అంటాం. అంతకంటే నీకనవసరం. రాసిచ్చిన డాక్టరు ఊళ్ళో లేడు, వచ్చాక తీసుకెళ్తాను.

నీ ఉత్తరం చదివి వినిపించాను. "నాతో ఎందుకు అబద్ధమాడింది" అన్న చోట నా మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది. సాయంత్రం క్యాన్సర్ మాత్ర, అదే ప్రతిరోజూ వేసుకునే హార్మోన్ మాత్ర, ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "అబద్ధాలకోరుకి మందెందుకక్కా" అంది. ఇన్ని రోజుల్లో అది నాతో అన్న పూర్తి వాక్యం అదొక్కటే.

అంటే ఇప్పుడు రెండు మందులూ లేవు. సంతోషమేనా? రోగినే దోషి చేసే మీ బుద్ధి గురించి నేనెన్ని వ్యాసాలు రాశాను! జబ్బొస్తే అలవాట్లు అంటారు, నయం కాకపోతే నిర్లక్ష్యం అంటారు, మీ లెక్క తప్పితే అబద్ధం అంటారు. సొంత తమ్ముడి చేతివ్రాతలో అదే చదవాల్సి వస్తుందనుకోలేదు.

నువ్వు క్షమాపణ రాసి పంపు. నాకు కాదు, దానికి.

పెద్దక్క


ఏప్రిల్ 2
(కొరియర్లో పంపుతున్నాను)

అక్కా,

నిన్నటి నుంచి ఫోన్ చేస్తున్నాను. నువ్వు ఎత్తడం లేదు. చిన్నక్క ఫోన్ కూడా నీ దగ్గరే ఉందనుకుంటా, రెండూ ఒకే తీరున మోగి ఆగిపోతున్నాయి.

వార్డు సిస్టర్ని కలిశాను. ఇన్ని వందల మంది వచ్చిపోయే చోట ఆమెకి ఎలా గుర్తుంటుందిలే అనుకుంటూ వెళ్ళాను. గుర్తుంది. ఎందుకంటే ఆ రోజు పక్క మంచం మనిషి కూతురు నీ పుస్తకం తెచ్చి నీతో సంతకం చేయించుకుందట. సిస్టర్ చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"మనసుకి సంబంధించిన మాత్రలేమైనా వాడుతున్నారామ్మా అనడిగాను డాక్టర్. పేషెంటు నోరు తెరిచింది. పక్కనున్న పెద్దావిడ, ఆ రచయిత్రి గారు, ముందే అందుకున్నారు. 'మా ఇంట్లో అలాంటివేం లేవమ్మా, రాసుకోండి' అన్నారు. పేషెంటు నోరు మూసుకుంది. నేను రాసుకున్నాను."

అక్కా, అదే నెలలో నీ వ్యాసం వచ్చింది. మనసుకి జబ్బు చేస్తే తల దించుకోవడం దేనికని. దాన్ని ఫొటోకాపీ తీసి మా వెయిటింగ్ హాల్లో అంటించింది నేనే. "మా అక్క" అని అందరికీ చూపించాను. ఇప్పటికీ ఉంది. ఇవాళ పొద్దున దాని ముందు నుంచి నడిచివెళ్ళలేక వెనక మెట్ల మీదుగా వెళ్ళాను.

నిన్ను తిట్టడానికి కూర్చున్నాను. సగంలో చెయ్యి ఆగింది. ఆ ప్రశ్న రాసిందెవరు? నేను. వార్డులో, మంచాల మధ్య, బంధువుల ఎదట, బీపీ చూస్తూ అడిగేలా పెట్టిందెవరు? నేను. టైము కలిసొస్తుందని. పదిమందిలో అడిగి నిజం రాలేదని వాపోతున్నాను. పైగా చిన్నక్కని అబద్ధాలకోరు చేశాను. నాకూ సిగ్గుగానే ఉంది.

ఇప్పుడు మాత్ర పేరు ఎందుకో విను. చిన్నక్క వేసుకునే హార్మోన్ మాత్ర కాలేయంలో మారితేగానీ సరిగ్గా పనిచేయదు. మనసు మందుల్లో కొన్ని ఆ మార్పుకి అడ్డుపడతాయి. అన్నీ కాదు, కొన్నే. దానివల్ల నిజంగా ఎంత నష్టమో మావాళ్ళలోనే ఒక మాట లేదు. కానీ అడ్డుపడని మందు దొరుకుతుండగా అడ్డుపడే మందు ఎవరూ ఇవ్వరు, తెలిస్తే. మాకు తెలియదు. అలాంటివేం లేవు అని రాసుంది.

ఇది అందగానే ఫోన్ చెయ్యి. పేరొక్కటి చెప్పు. తిట్టను, ప్రశ్నలడగను. తర్వాత ఈ ఉత్తరం చిన్నక్కకి చదివి వినిపించు. మొత్తం.

తమ్ముడు


ఏప్రిల్ 9

తమ్ముడూ,

ఫోన్లో పేరు చెప్పాను. నువ్వు అక్షరం అక్షరం మళ్ళీ చెప్పించుకుని రాసుకున్నావు. ఆ కాసేపట్లో నేను నా జీవితంలో రాసిన ప్రతి వాక్యాన్నీ వెనక్కి తీసుకున్నాను.

నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. పోయినసారి మొత్తం చదవలేదు. "చిన్నప్పుడు నా దొంగతనాలన్నీ తన మీద వేసుకున్న మనిషి" అన్న ముక్క దాటేశాను. అది వినుంటే ఏడ్చేది. ఏడిస్తే నిజం చెప్పేది. అందుకని దాటేశాను. అబద్ధాలకోరు అన్న నింద మోస్తూ అది గోడవైపు తిరిగి పడుకుంటే, ఆ వీపు చూస్తూ కూర్చుని నీకు క్షమాపణ రాయమని ఉత్తరం రాశాను. ఈ నీచాన్ని ఇంకొకరు చేసుంటే నాకు ఆదివారం పేజీ నిండా సరుకు దొరికేది.

ఎందుకన్నానో చెప్తాను. సాకు అనుకో, సరే. ఆ పిల్ల నా పుస్తకం పట్టుకుని, "మీలాంటి ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు మేడం" అంది. నా సంతకంలో సిరా ఇంకా ఆరలేదు. అప్పుడే సిస్టర్ అడిగింది. ఒక్క క్షణం ఆ పిల్ల కళ్ళతో మా ఇద్దరినీ చూసుకున్నాను. ధైర్యంగల రచయిత్రి, ఆమె పిచ్చి మాత్రల చెల్లెలు. అవును, నా బుర్రలోకి సరిగ్గా ఆ మాటే వచ్చింది. ఆ మాట వాడినవాళ్ళని నేను వేదికల మీద చీల్చి చెండాడాను. నా లోపల అది అద్దె కూడా కట్టకుండా హాయిగా కాపురముంటోంది.

దానికి దిగులు ఏ కారణమూ లేకుండా వచ్చింది. మొగుడు కొట్టలేదు, ఉద్యోగం పోలేదు, ఎవరూ చావలేదు. కారణముంటే నేను దాని మీద ఉద్యమం నడిపేదాన్ని. కారణం లేదు గనక నాకు మింగుడుపడలేదు. నా రాతల్లో దిగులుకి ఎప్పుడూ ఒక దుర్మార్గుడు ఉంటాడు. మాత్రలు బొత్తాల డబ్బాలో పెట్టించింది నేను. "బలం మాత్ర" అని పేరు పెట్టింది నేను. అది మాత్రం దాన్ని "నా టికెట్" అనేది. "ఇది లేకపోతే ఇవాళ్టి రోజు నన్ను ఎక్కనివ్వదక్కా" అనేది. ఎదుటివాళ్ళు వినకుండా మెల్లగా అను అనేదాన్ని.

గురివింద గింజ నలుపు గురించి మనం చిన్నప్పుడు నేర్చుకున్న సామెత ఎవరి మీద వాడాలో ఇన్నాళ్ళకి తెలిసింది.

చదవడం అయ్యాక ఎలా తిట్టినా పడదామని కూర్చున్నాను. అది లేచి కూర్చుంది. "నోరు తెరిచానని సిస్టర్‌కి గుర్తుందా?" అంది. గుర్తుందటే అన్నాను. "నేను తెరవలేదేమో అనుకుంటూ వచ్చాను" అంది. "ఇన్నాళ్ళూ నేనే దాచుకున్నానేమో, నేనే తప్పు చేశానేమో అని..." ఆగి, "ఆ సాక్షికి నా తరఫున ఫ్రీ పాస్" అంది.

క్షమించాను అనలేదు. నేను అడగలేదు. సాయంత్రం హార్మోన్ మాత్ర నా చేతి నుంచి తీసుకోలేదు. డబ్బా తనే తీసుకుని తనే వేసుకుంది.

నాలుగు రోజుల్లో బస్సులో వస్తున్నాం. దాన్ని నువ్వే చూడాలి. నేను బయట కూర్చుంటాను.

అక్క


ఏప్రిల్ 24

అక్కా,

మీరు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. చిన్నక్క వంటగది మేకుకి తన కండక్టర్ సంచీ తగిలించి మర్చిపోయింది. పంపనా, ఉంచుకోనా?

గదిలో నువ్వు లేకుండా చెప్పినవి నీకు చెప్పమంది, అందుకే రాస్తున్నాను. ఆ మాత్ర అడ్డుపడే రకమే. మనసు డాక్టరూ, క్యాన్సర్ డాక్టరూ కలిసి కూర్చుని అడ్డుపడని దానికి మార్చారు. స్కానింగ్‌లో ఇప్పటికి ఏమీ లేదు. ఇన్నాళ్ళూ హార్మోన్ మాత్ర ఎంత పనిచేసింది, ఎంత వృథా అయింది అని చిన్నక్క అడిగింది. తెలియదు అన్నాను. ఎప్పటికి తెలుస్తుంది అంది. ఎప్పటికీ తెలియకపోవచ్చు అన్నాను. "తెలియదని చెప్పే డాక్టరుని మొదటిసారి చూస్తున్నా, మా తమ్ముడే అయ్యుండాలి" అంది. నువ్వు బయట బెంచీ మీద ఒక్కదానివీ కూర్చుని గోడ మీద నీ వ్యాసాన్ని చూస్తున్నావు, తలుపు సందులోంచి కనబడ్డావు.

తర్వాతి సంగతి. మా డైరెక్టరు దగ్గరికెళ్ళి వాడనివాళ్ళ వరస నమ్మలేం అన్నాను. "ఒక్కరి గురించే కదా, సవరించు. మీ కుటుంబ సమస్యని సంస్థ సమస్య చెయ్యకు" అన్నాడు. నేను మళ్ళీ అడుగుతాను అన్నాను. అడగాలంటే రోగుల హక్కులు చూసే సంఘం అనుమతి కావాలి. ఇవ్వరనుకున్నాను, సంఘంలో ఒకావిడ పట్టుబట్టి ఇప్పించింది. ఆవిడ ఎందుకు పట్టుబట్టిందో నేనడగలేదు.

పరీక్షలకి వచ్చినవాళ్ళని ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి, తోడొచ్చినవాళ్ళని టీకి పంపి, తలుపేసి అడుగుతున్నాం. కుట్టుపని నేర్పే టీచరు తలుపు వైపు చూసి, "మా ఆయన నిజంగా టీకి వెళ్ళాడా? అయితే రాసుకో" అంది. ఒక రిటైర్డు గుమాస్తా "కొడుకు ముందు అడిగితే ఏం చెప్పమంటావయ్యా" అని నన్నే కేకలేశాడు. ఇంకొకామె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కాటుక డబ్బా తీసి మూత తెరిచి చూపించింది. లోపల మాత్రలు. నాకు నీ బొత్తాల డబ్బా గుర్తొచ్చింది.

లేదన్నవాళ్ళలో వాడేవాళ్ళు ఇంతమంది ఉంటారని నేననుకోలేదు. ఏళ్ళ పని, అక్కా. రెండు వరసలూ కలిసిపోయాయి. వాడేవాళ్ళనీ వాడనివాళ్ళనీ పోల్చానని అనుకున్నాను. నేను పోల్చింది చెప్పగలిగినవాళ్ళనీ చెప్పలేకపోయినవాళ్ళనీ. డైరెక్టరు మాత్రం పాత లెక్కతోనే నివేదిక వెళ్ళిపోవాలంటున్నాడు. మందుల వల్ల ప్రమాదం లేదని రేపు మేం చెప్పినా, ఉందని చెప్పినా, ఆ కాటుక డబ్బా ఆమెకి మేం చెప్పేది అబద్ధమే. నేను సంతకం పెట్టనన్నాను. ఎన్నాళ్ళు నిలబడగలనో తెలియదు.

నువ్వు రాయి. నీ పేరుతో, నీ పేపర్లో. ఉన్నదున్నట్టు.

తమ్ముడు


మే 3

తమ్ముడూ,

సంచీ ఉంచుకో, అది తీసుకోవడానికే మళ్ళీ వస్తానంటోంది. కొత్త మాత్ర పట్టడానికి టైము పడుతుందన్నావు. పట్టినట్టే ఉంది. నిన్న రెండు బూట్లూ వేసుకుంది. డిపోలో టికెట్ మిషన్లు అప్పగించే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు, బస్సెక్కడానికి ఇంకా ఓపిక లేదు. అయినా కిటికీలోంచి వెళ్ళే ప్రతి బస్సుకీ "రైట్ రైట్" అంటోందట. డ్రైవర్లు గొడవ పెట్టారని చెప్పి నవ్వింది. నాతో కాదు, పక్కింటావిడతో. నేను కూడా ఉన్నాను.

పేపరుకి మూడుసార్లు రాశాను. మొదటిది నా పశ్చాత్తాపం. ఎంత అందంగా వచ్చిందో! చదువుతుంటే నా మీద నాకే గౌరవం పెరిగింది. చించేశాను. సిగ్గుపడటంలో కూడా పేరు తెచ్చుకునే రకం నేను. రెండోది మీ డైరెక్టరు మీద. అదీ చించేశాను, నా తప్పు దాని వెనక దాక్కుంటోంది. మూడోది చిన్నదానికి చదివి వినిపించాను, మొత్తం. "సుత్తి కొట్టకుండా ఏం కావాలో రాయి, బస్సు కోసం నిలబడ్డవాడికి ఉపన్యాసం కాదు కావలసింది" అంది. దాని పేరు వెయ్యొద్దంది, "నువ్వు చేసింది వెయ్యి" అంది. జరిగింది నాలుగు వాక్యాల్లో రాసి, కింద ఇవి పెట్టాను. పేపరు వాళ్ళు వేస్తామన్నారు. వెయ్యకపోతే మీ వెయిటింగ్ హాల్లో నా పాత వ్యాసం పీకి, ఇది అంటించు.

ఒకటి. ఏ మందులు వాడుతున్నారని రోగిని అడిగేటప్పుడు తోడొచ్చినవాళ్ళని బయటికి పంపాలి. తలుపెయ్యాలి.

రెండు. ఒకసారి అడిగి ఊరుకోవద్దు. వచ్చిన ప్రతిసారీ అడగాలి. మొదట లేదన్నవాళ్ళని ఎందుకు దాచావని నిలదీయకూడదు.

మూడు. మందు ఎందుకు వాడుతున్నావని కారణం అడగొద్దు. కారణం లేకుండా కూడా దిగులు వస్తుంది.

నాలుగు. మనసు డాక్టరూ, క్యాన్సర్ డాక్టరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. రోగి సంచీ మోసినట్టు కబుర్లు మోయకూడదు.

ఐదు. ఎలకల మీద తేలింది ఎలకల మీద తేలిందనే, హెడ్డింగులోనే వెయ్యాలి. డాక్టరునడక్కుండా మాత్ర ఆపొద్దన్న మాట కూడా అంతే పెద్ద అక్షరాల్లో వెయ్యాలి.

ఆరు. పాత లెక్కతో నివేదిక పంపొద్దు. మళ్ళీ అడిగితే ఏం తేలిందో కూడా అందులో చెప్పాలి. సంతకం పెట్టనన్నవాణ్ణి పీడించొద్దు.

ఏడు. "మా ఇంట్లో అలాంటివేం లేవు" అని రోగి పక్కనున్న మనిషి ఎవరైనా అంటే, రాసుకోవద్దు. ఆ మనిషిని బయటికి పంపి మళ్ళీ అడగండి. అది నేనైనా సరే.

అక్క